పాతమిద్దె – సిమెంటు పూత

పాన్‌గల్లు, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు ప్రాంతముల సోదరీమణులు వేసవి రాగానే అడుగు ప్రశ్న యొకటి కలదు: "మా తాతలనాటి యింటి గోడలు పొట్టు రాలుచున్నవి, వానకు మిద్దె కారుచున్నది. సిమెంటు పూయింతుమా, లేక పడగొట్టి కొత్తది కట్టుకొందుమా?" ఈ మాసము ఆ ప్రశ్నకే సమాధానము వ్రాయదలచితిమి. రెండు పనులకును తొందరపడవలదని మా మనవి. ఇంటికి వచ్చిన రోగమేదో తెలిసికొనకయే మందు వేయుట వలన పెక్కు మంచి యిండ్లు చెడిపోవుచున్నవి.

ముందుగా మన పెద్దలు ఇల్లు కట్టిన తీరును గ్రహింపవలెను. పాన్‌గల్లు కొండమీది కోటను చూచిన వారికి ఆ సీమలో రాతికి కొదువలేదని వేరుగ చెప్పనక్కరలేదు. ఊరిలోని పాతయిండ్ల గోడలును రాతితోగాని ఇటుకతోగాని, మట్టినో సున్నమునో అడుసుగా వాడి, అడుగున్నర మొదలు రెండడుగుల మందమున కట్టినవే. గోడలపై దూలములు, దూలములపై దంతెలు, వానిపై చెక్కలో బండలో పరచి, ఆపైన మట్టి వేసి, అన్నిటికిని మీద చౌడు చల్లుదురు. పొలమున పనికిరాని చౌడు మిద్దెమీద బంగారము. నీరు తగులగానే ఆ మన్ను మెత్తగా విచ్చి, సందులను పూడ్చి, తక్కిన నీటిని లోనికి దిగనీయదు.

ఇట్టి గోడ కొక స్వభావము కలదు. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లే, గోడ నేలలోని తడిని పైకి లాగుకొనును. మట్టిపూత, సున్నపుపూత ఆ తడిని గాలిలోనికి విడిచిపెట్టును. కావుననే నూరేండ్లైనను గోడ పొడిగా నిలిచినది. సిమెంటు పూత అట్లు విడువదు. లోపలి తడి వెలుపలికి దారిలేక ఇంకను పైకెక్కును. తడితో కూడ నేలలోని ఉప్పులు వచ్చి పూత వెనుక చేరి గట్టిపడి, ఇటుక ముఖమును పగులగొట్టును. రెండు మూడేండ్లు గడచునప్పటికి పూతను వ్రేలితో తట్టిన డొల్లమ్రోత వినవచ్చును. పిమ్మట అది పెచ్చులు పెచ్చులుగా, ఇటుకతో సహా ఊడిపడును. పైకి నున్నగా కనబడు గోడ లోపల మట్టియడుసు మెత్తబడి బలము కోల్పోవుచుండును. సిమెంటు చెడ్డదని మా భావము కాదు; అది కొత్తకట్టడములకు తగినది, ఈ గోడలకు తగనిది.

ఇది కేవలము అందమునకు సంబంధించిన విషయము కాదు. 2024 జూలై మొదట నాగర్‌కర్నూలు చెంతనున్న వనపట్లలో పాత మట్టిమిద్దె రాత్రివేళ కూలి, నిద్రించుచున్న తల్లియు ముగ్గురు పసిబిడ్డలును మరణించిరి. అట్టి యాపద మరియొక యింట కలుగకుండుటకు వానలకు ముందే చూచుకొనవలసినవి చెప్పుచున్నాము.

మొదట కప్పు. మిద్దె కారినప్పుడెల్ల పైన మరికొంత మట్టి వేయుట మన యలవాటు. లెక్క చూడుడు. పదియడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు గల గదిపై అడుగు మందము మట్టి యున్నచో అది 100 ఘనపుటడుగులు. ఘనపుటడుగు మట్టి సుమారు 45 కిలోలు తూగును. అనగా మీ నెత్తిపై 4,500 కిలోల బరువు నిలిచియున్నది. తడిసినప్పుడు ఇంకను హెచ్చును. ఏటేట రెండంగుళములు చేర్చుచు పోయినచో దూలములు ఎంత కాలము మోయగలవు? కావున పాతమన్ను గీకి తీసివేసిన పిమ్మటనే కొత్తచౌడు వేయింపవలెను. నీరు నిలువక తూమువైపు పారునట్లు వాలు ఉంచి, తూము గోడకు దూరముగా నీరు చిమ్మునట్లు ముందుకు సాగనీయవలెను. కారు మిద్దెపై టార్పాలిను కప్పుట ఆపద్ధర్మము మాత్రమే. ఎండ రాగానే తీసివేయనిచో దాని క్రింద తడి నిలిచి కొయ్య క్రుళ్లును.

దూలములను రోకలితో తట్టి చూడుడు. గట్టి కొయ్య ఖంగుమనును. చెద తిన్నది బోలుగా పలుకును. గోడలోనికి చొచ్చియున్న దూలపు కొనలే ముందుగా పుచ్చును గనుక అచ్చట దబ్బనముతో గ్రుచ్చి చూడవలెను. దబ్బనము సులువుగా దిగినచో ఆ గదిలో ఎవ్వరును పండుకొనరాదు. దూలము క్రింద గుంజ నిలిపి, తెలిసిన వడ్రంగిని పిలిపింపుడు.

రెండవది గోడ పాదము. ఇప్పుడు చాలయూళ్లలో సిమెంటు బాటలు వేసి వేసి, వీధి గడపకంటె ఎత్తైనది. వాననీరు గోడ మొదటనే నిలుచుచున్నది. బాట వెడల్పుకొరకు అరుగులు పడగొట్టిన యిండ్లకు కష్టము మరింత. అరుగు కూర్చుండుటకే గాక గోడ పాదమునకు గొడుగువంటిది. గోడ వెంట నీరు పారిపోవుటకు చిన్న కాలువ తీయింపుడు. నేల గోడనుండి దూరముగా వాలునట్లు చేయింపుడు. స్నానపునీరు, అంట్లు తోమిన నీరు గోడకు తగులనీయకుడు. ఈ పని కయ్యెడి వ్యయము స్వల్పము, ఫలము మాత్రము అధికము.

మూడవది పూత. సిమెంటు పూసియున్నచో దసరా దీపావళుల నడుమ, వానలు వెనుకబట్టిన పిమ్మట, నడుమెత్తువరకైనను మెల్లగా చెక్కి తీయింపుడు. పుష్యమాసము గడచువరకు గోడను ఆరనిచ్చి, మాఘమున, ఎండలు ముదురకమునుపే, కొత్తపూత వేయింపుడు. మట్టి గోడకు మట్టిపూతయే తగును. ఎర్రమన్నులో ఊకయో తరిగిన గడ్డియో కలిపి కొన్ని దినములు నాననిచ్చి పూయవలెను. రాతి, ఇటుక గోడలకు సున్నము. సున్నపురాళ్లను తడిపించునప్పుడు తొట్టిలోని నీటిలోనికి రాళ్లను కొద్దికొద్దిగా వేయవలెనే గాని, రాళ్లమీద నీరు పోయరాదు. అది బుసకొట్టి సలసల క్రాగి కన్నులలో పడినచో చూపునకే ముప్పు. పిల్లలను దూరముగా నుంచుడు. తడిసిన సున్నమును నీటి క్రిందనే నెలదినములైన నుంచి, ఒక పాలు సున్నమునకు మూడుపాళ్లు ఉప్పులేని మంచి యిసుక కలిపి, గానుగ దొరికిన చోట గానుగాడించి, లేనిచో బాగుగా దంచి, తడిపిన గోడపై అరయంగుళమునకు మించకుండ పూయింపవలెను. వారముదినములు తడిగోనెలు కప్పి యుంచవలెను. సున్నము గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకొని మరల రాయిగా మారును. త్వరగా ఎండిన పూత పొడియై రాలును.

ఇక చలువ మాట. మందపుగోడ పగటియెండను లోనికి చేరనిచ్చుటకు చాలగంటలు పట్టును. సాయంకాలమైన పిమ్మట ఆ వేడి గదిలోనికి దిగును. కావున ప్రొద్దెక్కగానే కిటికీలు మూసి, చీకటి పడగానే తెరచి, రాత్రి చల్లగాలిని గోడలకు తగులనీయవలెను. మిద్దెలోని గవాక్షిని మూయించుట పొరపాటు. పొగయు వేడిగాలియు వెడలుటకు అదియే దారి. వానకు మూతపెట్టి, తక్కిన దినములలో తెరచి యుంచుడు.

మట్టిమిద్దెకు దాని మట్టియే చలువ నిచ్చును. సిమెంటు స్లాబు గలవారు మాత్రము ఎండలకు ముందు దానిపై సున్నములో కొంచెము బంక కలిపి రెండు మూడు పలుచని పూతలు వేయింపవలెను. తెలుపు సూర్యుని యెండను త్రిప్పికొట్టును. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన చల్లని కప్పుల విధానమునకు మూలము ఈ సూత్రమే. స్లాబుపై కుండలు బోర్లించి సున్నపుగచ్చు వేయు పాతపద్ధతియు మంచిదే. అయితే ఆ బరువును పాతమిద్దెపై మాత్రము ఎన్నడును పెట్టరాదు. రేకులయిండ్లవారు రేకుల క్రింద జానెడు ఎడమిచ్చి చాపలు కట్టుకొన్న వేడి తగ్గును. పొయ్యిపైన మాత్రము కట్టరాదు.

ఇవన్నియు చేసినను నిలువని యిల్లు కొన్ని కలవు. గోడ పొట్టవలె ఉబ్బినను, చేయి పట్టునంత పగులు నిలువున విచ్చినను, కప్పు నడుమ క్రుంగినను, తలుపులు అకస్మాత్తుగా బిగుసుకొనినను, వాన కురియు రాత్రులలో పైనుండి మన్ను రాలినను, ఆలోచింపక పిల్లలతోను వృద్ధులతోను వెలుపలికి రావలెను. తాతగారి యిల్లను మమకారముకంటె ప్రాణము గొప్పది. అట్టి యింటి దూలములు, ద్వారబంధములు, బండలు కొత్తయింటికి పనికివచ్చును. మనుష్యులు పోయిన మరల రారు.

ఇది మగవారి పని యని ఊరకుండవలదు. మేస్త్రీ వచ్చువాడు, పోవువాడు. ప్రతిదినము గోడను ఊడ్చి, అలికి, తడిమరకను ముందుగా చూచునది ఇల్లాలే. "సిమెంటు పూసిన గట్టిగా నుండునమ్మా" యని మేస్త్రీ చెప్పినప్పుడు, "లోపలి తడి ఎటు పోవును?" అని యొక్క ప్రశ్న అడుగుడు. దానికి తిన్నని యుత్తరము వచ్చువరకు పని మొదలుపెట్టనీయకుడు. మృగశిరకు ముందే రోకలియు దబ్బనమును చేతబట్టి ఇల్లంతయు ఒకసారి చుట్టిరండు.