రెండు మోతియాలు, ఒక వేలిముద్ర

ఉర్దూలో కంటి శుక్లాన్ని మోతియాబింద్ అంటారు. తెలుగువారు నీటికాసులని పిలిచే గ్లాకోమాను కాలా మోతియా అంటారు. రెండింటికీ మోతియా అన్న మాట కలవడం వల్ల జరిగే అనర్థం చిన్నది కాదు.

శుక్లమంటే కంటిలోని సహజ కటకం మసకబారడం. దాన్ని తీసి కృత్రిమ కటకం అమరిస్తే, కంటి వెనుక భాగం ఆరోగ్యంగా ఉన్నవారికి చూపు తిరిగి వస్తుంది. 2015–19 జాతీయ సర్వే ప్రకారం యాభై ఏళ్లు దాటినవారి అంధత్వంలో 66.2 శాతానికి కారణం ఈ శుక్లమే. కాలా మోతియాలో దెబ్బతినేది దృశ్యాన్ని మెదడుకు చేర్చే నరం. చాలామందికి నొప్పి ఉండదు, పక్కచూపు ముందుగా తరుగుతుంది. పోయిన చూపును ఏ ఆపరేషనూ తిరిగి తేలేదు. చుక్కల మందు, లేజర్, శస్త్రచికిత్స అన్నీ కంటిలోని ఒత్తిడిని తగ్గించి, మిగిలిన చూపును నిలబెట్టడానికే.

మాధవరం నుండి ఆదోనికో ఎమ్మిగనూరుకో కంటి పరీక్షకు వెళ్లే వృద్ధురాలికి ఈ తేడా ఎవరు చెబుతున్నారు? "మోతియా పండనీ, తీయిద్దాం" అని ఇంట్లో అంటారు. కటకం మొత్తాన్ని పెకలించి, మందపాటి అద్దాలు పెట్టిన కాలపు మాట అది. నేడు శుక్లం ముదిరేదాకా ఆగనక్కరలేదు. కాలా మోతియా విషయంలోనైతే ఆగిన ప్రతి నెలా చూపుకు నష్టమే.

ఉచిత శిబిరాలను మేము తక్కువ చేయడం లేదు. 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన కంటి వెలుగు మంచి పథకమే. అయితే చీటీ ఇంగ్లీషులో, వివరణ హడావుడిలో, సంతకం స్థానంలో వేలిముద్ర! సమ్మతికి ముందు వ్యాధి స్వభావం, చికిత్స, ప్రయోజనం, ప్రమాదం, ప్రత్యామ్నాయం రోగికి తెలియజేయాలని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తిస్తూ మన శాసనసభ 2022లో చట్టాన్ని సవరించింది. ఈ రెండూ కలిసి ఒక్క సమ్మతి పత్రంలోనైనా కనబడాలి కదా!

మనవైపునా చేయవలసింది ఉంది. రోజా భంగమవుతుందని రంజాన్‌లో చుక్కల మందు మానేసేవారున్నారు. కంటి చుక్కలు రోజాను భంగపరచవని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1997లో జిద్దాలో తీర్మానించింది. ఆపరేషన్ తరువాత తల వంచరాదని వైద్యులు చెబితే, సజ్దా ఎలాగన్న దిగులుతో వాయిదా వేసేవారూ ఉన్నారు. రోగి కూర్చుని, సైగతో నమాజ్ చేయవచ్చునన్నది తెలిసిన విషయమే. జుమా ప్రసంగంలో ఈ రెండు మాటలకు ఐదు నిమిషాలు చాలు. ఇమాములు ఈ శాబాన్ నెలలోనే మొదలుపెడితే, చుక్కలు వాడేవారు రంజాన్‌కు ముందే వైద్యుణ్ణి అడిగి వేళలు సరిచేసుకోగలరు.

ప్రభుత్వాన్ని మేము అడిగేది ఇదే: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో జరిగే ప్రతి కంటి శిబిరంలో తెలుగు, ఉర్దూ సమ్మతి పత్రాలు ఉంచాలి. వాటిని చదివి వినిపించే ఒక మహిళా సిబ్బందిని నియమించాలి. వేలిముద్రకు ముందు "మీది ఏ మోతియా?" అని ఆమె అడగాలి, జవాబు రాకపోతే ఆ కాగితాన్ని పక్కన పెట్టి, మళ్లీ మొదటి నుండి చెప్పాలి.