వెన్నముద్దయు తాళపత్రములును
మనవారు ఏటేట బస్సు మాట్లాడుకొని మహాబలిపురము పోయి, 'కృష్ణుని వెన్నముద్ద'ను త్రోయుచున్నట్లు ఫోటోలు తీయించుకొనుచున్నారు. 1908లో గవర్నరు లాలీ ఏడేనుగులచే లాగించినను కదలలేదని చెప్పుకొను 250 టన్నుల బండ మన భుజములకు కదలునా? వినోదమును మేము కాదనము, పిల్లలకది ముచ్చటయే. కాని తంజావూరు పోయియు, పెద్దగుడి చూచి, తలయూపు బొమ్మ కొని మరలివచ్చుటేల? రఘునాథ నాయకుడును రంగాజమ్మయు తెలుగున కావ్యములు రచించిన ఊరది. సరస్వతీ మహలులో తెలుగు తాళపత్ర గ్రంథములున్నవి. చేరువనున్న మేలట్టూరులో నరసింహ జయంతికి భాగవతమేళ నాటకములను నేటికిని తెలుగుననే ఆడుచున్నారు. చూచిన మనవారెందరు? బొమ్మ ముచ్చటకు తల యూపును. మన పిల్లలో, తెలుగక్షరము చూపినంతనే అడ్డముగా తల యూపుచున్నారు! ఈ మారు యాత్రలో సరస్వతీ మహలునకు రెండు గంటలైన కేటాయింపవలెను. కానిచో బస్సు చందా మేమీయము.