ఉప్పు మాన్పించే ముందు ఒక్క మాట

మనోవ్యాధి గల బిడ్డ ఉన్న ఇంటికి సలహాలకు కొదువ ఉండదు. "ఉప్పు మాన్పించండి, ఆముదంతో కడుపు శుభ్రం చేయించండి, వారానికొక లంఖణం పెట్టండి, తలకెక్కిన వేడి దిగుతుంది" అనే హితవు మా బేతంచెర్లలో తరచుగా వింటుంటాను. చెప్పేవారి ప్రేమను నేను శంకించను. కాని బైపోలార్ వ్యాధికి లిథియం మాత్రలు వాడుతున్న బిడ్డకు ఈ పథ్యం ప్రాణాంతకం కాగలదని, ఆ వ్యాధిగల కుమారుని తల్లిగా మనవి చేస్తున్నాను.

ఈ వ్యాధిలో మనసు కొంతకాలం అమితోత్సాహంలోను, కొంతకాలం గాఢ విషాదంలోను ఉంటుంది. ఉత్సాహ దశలో మా అబ్బాయికి రెండు గంటల నిద్ర చాలు. మాటకు అడ్డు ఉండదు, డబ్బుకు లెక్క ఉండదు. విషాద దశలో స్నానానికైనా లేవడు. ఇది పెంపకంలో లోపం కాదు, సోమరితనమూ కాదు.

ఉన్మాద దశకు లిథియం ఉపకరిస్తుందని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించారు. అదే సంవత్సరం అమెరికాలో, ఉప్పులేని పథ్యంలో ఉన్న రోగులు మామూలు ఉప్పుకు బదులు లిథియం క్లోరైడును ఆహారంలో కలుపుకొని విషప్రభావానికి లోనైనారు, కొందరు మరణించారు. ఇందులోని మర్మం గృహిణులందరూ ఎరుగదగినది. శరీరంలో ఉప్పు, నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలు ఉప్పుతోపాటు లిథియంను కూడా బయటకు పోనీయక పట్టి ఉంచుతాయి. మాత్రల సంఖ్య పెరగకపోయినా రక్తంలో మందు పెరుగుతుంది. సాధారణంగా అది లీటరుకు 0.6 నుండి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండవలెను, 1.5 దాటితే విషలక్షణాలు కనిపించవచ్చు. మందుకూ విషానికీ మధ్య ఎడం అంత స్వల్పం.

ఇక మన సీమ ఎండలు చెప్పనక్కరలేదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే వేడిలో ఈ నాపరాళ్ల ఊరు పెనంలా కాలుతుంది. చెమటతో ఉప్పూ నీరూ అవే పోతాయి. ఒక వేసవిలో మా అబ్బాయికి రెండు రోజులు విరేచనాలైనవి. చేతులు వణికాయి, మాట ముద్దగా వచ్చింది, నడక తూలింది. వైద్యుడు వెంటనే రక్తపరీక్ష చేయించి, మాత్రలు తాత్కాలికంగా ఆపి, సెలైను ఎక్కించడంతో తేరుకున్నాడు. తమంత తామే వచ్చిన విరేచనాలు ఇంత చేస్తే, కోరి చేయించేవి ఎంత చేయవు?

"ఉన్మాదానికి విరేచనం శాస్త్రంలో ఉన్నదే కదా" అని పెద్దలు అంటారు. ఉన్నది. కాని అత్యవసరమైతే తప్ప తీవ్ర గ్రీష్మంలో శోధన కర్మలు తగవని చెప్పినదీ చరక సంహితయే. పైగా చరకుని కాలపు రోగి లిథియం మింగుతున్నవాడు కాడు.

నేను గృహవైద్యానికి విరోధిని కాను. మా ఇంట ఉప్పు వేసిన మజ్జిగ, రాగి అంబలి వేసవి పొడుగునా ఉంటాయి. ఉప్పు తగ్గించరాదు, హఠాత్తుగా పెంచనూ రాదు; నిత్యం ఒకే తీరుగా ఉండవలెను. నిద్ర చెడితే ఉన్మాద దశ తిరగబెట్టే ప్రమాదం ఉన్నందున శివరాత్రి జాగరణ నుండి బిడ్డకు మినహాయింపు ఇచ్చాము. వేళకు నిద్ర, వేళకు భోజనం అనే దినచర్య కంటే మంచి ఇంటి వైద్యం నేను చూడలేదు.

గలిజేరు, పల్లేరు వంటి మూత్రం జారీచేసే కషాయాలనూ, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలనూ వైద్యుని అడగక ఇవ్వరాదు. సర్పగంధలోని రిసర్పిన్ విషాదాన్ని పెంచగలదు కనుక దానికి దూరంగా ఉండవలెను. రక్తపరీక్షకు చివరి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు వెళ్లవలెను. బాగున్నాడు కదా అని మాత్రలు సొంతంగా ఆపరాదు. వణుకు, వాంతులు, తూలుడు కనిపిస్తే మాత్రం తరువాతి మాత్ర వేయక, తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి చేర్చవలెను. మనోవ్యాధుల విషయంలో ఎవరిని అడగాలో తెలియనివారికి 2022లో ప్రారంభమైన టెలి మానస్ ఉచిత ఫోను 14416 ఉన్నది.

బంధుమిత్రులకు నా ప్రార్థన ఒక్కటే. పథ్యం చెప్పే ముందు "బిడ్డ ఏ మాత్ర వాడుతున్నాడమ్మా?" అని అడగండి. లిథియం అని సమాధానం వస్తే, ఆ ఇంట ఉప్పు డబ్బాను దాని చోటనే ఉండనివ్వండి.