ధ్యానోపదేశకులకు ఒక ప్రశ్న

కరోనా జ్వరం తగ్గి మాసాలు గడిచినా మతిమరుపు, మనోమాంద్యం వీడని రోగులకు ‘ధ్యానం చేయండి, అదే చికిత్స’ అని ఉపదేశించేవారు పెరిగారు. పతంజలినే ప్రమాణంగా చూపుతారు. ఆ మహర్షి సమాధిపాదం 30వ సూత్రంలో యోగానికి తొమ్మిది అంతరాయాలను లెక్కించాడు. మొదటిది వ్యాధి, రెండవది స్త్యానం, అనగా చిత్తం పనికి పూనుకోలేని స్థితి. ఆలస్యం అయిదవది. రోగినీ సోమరినీ ఆయన వేరు చేశాడు, వీరు చేయరు.

32వ సూత్రం అంతరాయనివారణకు ఏకతత్త్వాభ్యాసం విధించలేదా అని పూర్వపక్షం. విధించింది. కాని దీర్ఘకాలం, నిరంతరాయంగా, ఆదరంతో సేవిస్తేనే అభ్యాసం దృఢపడుతుందని 14వ సూత్రం. నాలుగు వాక్యాలు చదివితేనే తల బరువెక్కే వ్యక్తికి అది ఎట్లు శక్యం? పైగా వ్యాధి అంటే ధాతువైషమ్యమని వ్యాసభాష్యం; దానికి చికిత్స చెప్పవలసినది వైద్యశాస్త్రం. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జ్ఞానశక్తి లోపాన్ని కరోనానంతర వ్యాధి లక్షణాలలో చేర్చనే చేర్చింది.

శ్వాసను గమనిస్తూ కాసేపు కూర్చుంటే ఉపశమనం కలుగవచ్చు. కూర్చోండి, ఆక్షేపణ లేదు. ఫలితం రాకపోతే ‘మీ సాధన చాలలేదు’ అంటారే, అదే సహింపరానిది. సంధ్యావందనంలో మంత్రం తడబడుతోందని కన్నీరు పెట్టుకున్న ఒక వృద్ధ ఘనపాఠి గారికి కూడ ఈ మాటే చెప్పారు. యావజ్జీవం స్వరం తప్పనివారికి సాధన చాలలేదట! వారిని పంపవలసినది నరాల వైద్యుని వద్దకు.