కాటా దగ్గర కంప్యూటర్

పిల్లలూ, ఏలూరుకు దగ్గరలో ఉన్న పెదవేగి చుట్టూ పామాయిల్ తోటలు చాలా ఉన్నాయి. ఆ పంట మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ కూడా 1995 నుంచి అక్కడే ఉన్నది. మీరూ మీ తమ్ముడూ ఒక ఆదివారం నాన్నగారి వెంట గెలల ట్రాక్టరెక్కి కాటాకు పోయారనుకుందాం.

కాటా రాగానే మీరిద్దరూ దిగి చెట్టునీడకు చేరారు. ట్రాక్టరు పలక మీద నిలిచింది. గది లోపల తెర మీద 7,400 కిలోలని పడింది. తరవాత గెలలు దింపారు. ఇంటికి పోవాలి గదా అని మీరిద్దరూ ఖాళీ ట్రక్కులోకి ఎక్కి కూచున్నారు. ట్రాక్టరు మళ్ళీ పలక మీద నిలిచింది. ఈసారి 3,270 పడింది. మరుక్షణం గెలల బరువు 4,130 కిలోలని చీటీ వచ్చింది.

7,400 లోంచి 3,270 తీసేస్తే 4,130. లెక్క సరిగానే ఉన్నది. అయినా నాన్నగారికి 70 కిలోల గెలల డబ్బు పోయింది! ఎలాగో కనిపెట్టాలంటే, కంప్యూటర్ పని చేసే తీరు కాస్త తెలియాలి.

ఏ కంప్యూటరైనా చేసే పనులు నాలుగే: సమాచారం తీసుకోవటం, జ్ఞాపకం ఉంచుకోవటం, లెక్క చెయ్యటం, ఫలితం చెప్పటం. పలక కింద గట్టి ఉక్కు దిమ్మెలు ఉంటాయి. బరువు పడితే అవి కంటికి కనిపించనంత కొద్దిగా నొక్కుకుంటాయి. దానితో వాటికి అంటించిన సన్నని తీగలలో విద్యుత్తు పోయే తీరు మారుతుంది. ఆ మార్పే అంకెగా మారి కంప్యూటరుకు చేరుతుంది. బండి నంబరును గుమాస్తా కీబోర్డు మీద కొడతాడు. లెక్క చేసే భాగాన్ని ప్రాసెసర్ అంటారు. ఫలితం తెర మీదా, చీటీ మీదా వస్తుంది.

అయితే యంత్రానికి అంకెలు ఎలా తెలుస్తాయి? కాలవ తూము తలుపు తెరిచి ఉంటుంది, లేదా మూసి ఉంటుంది. కంప్యూటర్ లోపల కూడా అటువంటి అతి చిన్న విద్యుత్ తలుపులు కోట్లకొద్దీ ఉంటాయి. తెరిస్తే 1, మూస్తే 0. అటువంటి ఒక్కొక్క అంకెను బిట్ అంటారు.

వరసగా నాలుగు తూములు ఉన్నాయనుకోండి. వాటి విలువలు ఎడమ నుంచి 8, 4, 2, 1. మూడోది మూసి మిగతావి తెరిస్తే 8, 4, 1 కలిపి 13 అవుతుంది. దాన్ని 1101 అని రాస్తారు. చీటీలోని 4,130 అంటే 4,096, 32, 2 కలిపిన మొత్తం. దానికి 13 తూములు కావాలి. అక్షరాలకు కూడా అంకెలే గుర్తులు. ప్రపంచమంతా వాడే యూనికోడ్ పట్టికలో మన ‘వ’ సంఖ్య 3,125.

ఇక్కడ మన ప్రాంతంలో పుట్టిన ఒక పెద్దమనిషిని తలుచుకోవాలి. భీమవరం దగ్గర మోగల్లులో 1914లో పుట్టిన ఏ.ఎస్.రావుగారు 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థను నెలకొల్పారు. ఆ సంస్థ 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటర్ తయారుచేసింది. అది ఒక్క గడిలో 12 బిట్లు పట్టించుకునేది. 12 బిట్లలో 4,095 దాకానే పడుతుంది. కనక మన 4,130 ని ఒక్క గడిలో పెట్టటం దానికి సాధ్యం కాదు!

ఇక జ్ఞాపకం సంగతి. కంప్యూటరుకు రెండు రకాల జ్ఞాపకాలు ఉంటాయి. లెక్క చేసేటప్పుడు వాడుకునేది పలక మీద సుద్దరాత లాంటిది. కరెంటు పోతే చెరిగిపోతుంది. రెండోది కరెంటు పోయినా నిలిచే జ్ఞాపకం. ఒకప్పుడు వేంగి పేరుతో రాజధానిగా ఉన్న ఈ పెదవేగిలోనే శాలంకాయన రాజు నందివర్మ తామ్రశాసనాలు దొరికాయి. దానమిచ్చిన భూమి సంగతి రాగి రేకుల మీద చెక్కించబట్టి, సుమారు 1,600 ఏళ్ళ తరవాత కూడా మనం చదువుకోగలుగుతున్నాం. కాటా లెక్కలు కూడా రెండో రకం జ్ఞాపకంలోకి ఎక్కితేనే రేపు తిరిగి చూడవచ్చు.

కంప్యూటరుకు పని వరసగా చెప్పే ఆజ్ఞలను ప్రోగ్రాం అంటారు. కాటాలోని ప్రోగ్రాం ఇలా ఉంటుంది: మొదటి బరువు తీసుకో. దాచు. రెండో బరువు తీసుకో. మొదటి దానిలోంచి తీసివెయ్యి. చీటీ అచ్చువెయ్యి.

ట్రక్కులో ఎవరైనా కూచున్నారేమో చూడమని అందులో ఎక్కడైనా ఉన్నదా? లేదు! మీ బరువు 40 కిలోలు, తమ్ముడి బరువు 30 కిలోలు. ఆ 70 కిలోలూ ఖాళీ ట్రక్కు బరువులో కలిసిపోయాయి. నిజానికి ఖాళీ బండి బరువు 3,200, గెలల బరువు 4,200. కంప్యూటర్ ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. దానికి అందిన అంకెలోనే తప్పున్నది.

చేతికి వచ్చిన చీటీ యంత్రం ఇచ్చింది గదా అని కళ్ళు మూసుకుని నమ్మకూడదు. యంత్రం ఇచ్చింది గదా అని తోసెయ్యనూ కూడదు. అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. ఆ చూపు మనిషికే ఉన్నది.

ఈసారి కాటాకు పోయినప్పుడు రెండు తూకాలూ అయ్యేదాకా చెట్టుకిందనే ఉండండి. అక్కడ నిలబడే ఈ లెక్క చెయ్యండి: 16, 8, 4, 2, 1 విలువలు గల అయిదు తూములలో ఏవి తెరిస్తే 22 వస్తుంది?