ఆ ముక్కు, ఆ ఈక

ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అధ్యక్షులకు, సభ్యులకు



ముప్పై ఏళ్లు పిల్లలకి బొమ్మలు నేర్పిన డ్రాయింగు మాస్టారిని. పొద్దున్నే పేపరు తీస్తే ముందు కార్టూనే చూస్తాను.

సీతంపేట మన్యంలో పనిచేసే రోజుల్లో ఒక సవర కుర్రాడు ఆదివారం పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అందులో ‘గిరిజనుడు’. తలకి ఈక, నడుముకి ఆకులు, చేతిలో బల్లెం, పక్కన గంగాళంలో ఉడుకుతున్న మనిషి. “ఈడు మావోడేనట మాస్టారూ. మా తాత ఇలగుండడు” అన్నాడు. వాళ్ల తాత చొక్కా, లుంగీతో అనాసపళ్ల కావిడి మోసుకుని సంతకొచ్చేవాడు. వాళ్లింటి ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసిన మనుషుల్నీ నెమళ్లనీ చూసి నేనే గీత నేర్చుకున్నాను. గిడుగు రామమూర్తి గారు వాళ్ల భాషకి వ్యాకరణం, నిఘంటువు రాసిన ప్రాంతం మాది. ఆ బొమ్మ గీసినాయన ఎక్కడో చూసిన బొమ్మకి నకలు దింపాడు, అంతే.

యూదుల మీద ద్వేషమూ ఇలా నకళ్ల మీదే బతికింది. వంకర ముక్కు, డబ్బు సంచి, భూగోళాన్ని పట్టిన సాలీడు. 1923లో జర్మనీలో జూలియస్ స్ట్రైకర్ అనే నాజీ పెట్టిన ‘డేర్ స్ట్యూర్మర్’ పత్రిక 1945 దాకా ఆ ముక్కునే అచ్చువేసింది. నాజీలు అరవై లక్షల మంది యూదుల్ని చంపారు. స్ట్రైకర్ తన చేత్తో ఎవర్నీ చంపలేదు. ఆ జాతిని చంపమని ఎగదోసినందుకే 1946 అక్టోబరులో నూరెంబర్గ్‌లో అతణ్ణి ఉరితీశారు.

శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్ 2014లో అంగారకుణ్ణి చేరితే, న్యూయార్క్ టైమ్స్ తలపాగా రైతునీ ఆవునీ గీసి, ‘ఎలీట్ స్పేస్ క్లబ్’ తలుపు కొట్టించింది. మనకి ఒళ్లు మండింది, మండాలి కూడా. ఆ పత్రిక క్షమాపణ చెప్పింది. 2019లో అదే పత్రిక అంతర్జాతీయ సంచికలో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు కుక్కయ్యాడు, మెడలో యూదుల గుర్తయిన ఆరు మూలల నక్షత్రం వేలాడింది. గుడ్డి ట్రంప్‌ని నడిపిస్తున్నాడు. మళ్లీ క్షమాపణ. మొదటిదానికి రగిలిన మనవాళ్లలో రెండోదానికి కదిలిన వాళ్లెందరు? మన పేపర్లో ఆ ఈక పడితే ఎవరు ఉత్తరం రాశారు?

గాజాలో పడిన బాంబుల మీద గీయాలి. నెతన్యాహుని నిలదీయాలి. కానీ అతని మెడలో నక్షత్రం వేలాడదీస్తే ఆ నేరం యూదులందరికీ అంటుకుంటుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటూ యూదు ధర్మం పాటించే బెనే ఎఫ్రాయిమ్ కుటుంబాలున్నాయి. వాళ్ల పిల్లలూ పేపరు చూస్తారు.

1978 చట్టం మీకు పత్రికల్ని మందలించే అధికారం ఇచ్చింది. మీ నియమావళి కార్టూన్లకి కాస్త ఎక్కువ చనువిస్తుంది. ఆ చనువు అలాగే ఉంచండి. దాని పక్కన ఒక్క వాక్యం చేర్చండి: మనిషి చేసిన పనిని గీయండి, అతని జాతినీ మతాన్నీ కులాన్నీ ఒకే ముఖంగా గీయకండి. అది సవర కుర్రాడికి, యూదు పిల్లకి, ముస్లింకి, దళితుడికి ఒకేలా వర్తించాలి.

జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
ఒక డ్రాయింగు మాస్టారు, శ్రీకాకుళం