ఉద్దానం తీరంలో తెరచాప ఎత్తితే.. ఉద్యోగాలు ఎవరికి?

పలాస అంటే జీడిపప్పు. ఉద్దానం అంటే కొబ్బరితోటలు, కిడ్నీ జబ్బు. మన మాట ఇక్కడితో ఆగిపోతుంది. కానీ శ్రీకాకుళం జిల్లాకు దాదాపు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. రద్దీ లేని ఇలాంటి తీరాలే తెరచాప పడవల విహారానికి సరిపోతాయన్న ఆశ సహజం. అది ఎంతవరకు నిజం? మీకు అందులో ఉపాధి ఉందా?

ముందు అనుకూలతలు చూద్దాం. పలాస హౌరా-చెన్నై రైలు మార్గంలో ఉంది. పక్కనే 16వ నంబరు జాతీయ రహదారి. మహేంద్రతనయ సముద్రంలో కలిసే బారువ ఒకప్పటి ఓడరేవు. అక్కడికి దగ్గర్లో 1917లో మునిగిన చిల్కా నౌక శిథిలాలు ఉన్నాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా పెలికాన్లు వస్తాయి. 2024లో ప్రకటించిన పర్యాటక విధానంలో రాష్ట్రం ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది.

ఇబ్బందులూ తక్కువేం కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం. ఆ వెంటనే నైరుతి రుతుపవనాలు, తర్వాత తుపాన్ల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానాన్ని ఎలా ఊడ్చేసిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అంటే విహారానికి నిలకడైన సీజను ఏడాదిలో కొద్ది నెలలే. 2023లో శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టు సరకు రవాణాకు ఉద్దేశించింది. చిన్న పడవలకు వేరే జెట్టీ, రక్షణ సిబ్బంది, వైద్యసాయం కావాలి. కాబట్టి 'సెయిలింగ్ రిసార్టులో ఉద్యోగం' అని ఎవరైనా ముందే డబ్బు అడిగితే నమ్మకండి.

అసలు విషయం ఇంకోటి ఉంది. సముద్రం తెలిసిన మనుషులకు ఈ జిల్లాలో కొరత లేదు. ఉన్న ఊళ్లో పనిలేకే వాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోతున్నారు. అలా వెళ్లి పాకిస్థాన్‌కు చిక్కిన 20 మంది మత్స్యకారులు 2020 జనవరిలో విడుదలయ్యారు. వాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం వాళ్లే. రేపు పర్యాటకం వచ్చినా, సర్టిఫికెట్ ఉన్న బయటివాళ్లకే పడవ అప్పగిస్తే మనోళ్లకు మిగిలేది గదులు ఊడ్చే పనే.

అందుకే ఒక్క సెయిలింగ్‌నే నమ్ముకోకుండా, ఎక్కడైనా పనికొచ్చే నైపుణ్యం పట్టండి. గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ పవర్‌బోటు నడపడం, ప్రాణరక్షణలో శిక్షణ ఇస్తుంది. నెల్లూరులో భారత పర్యాటక, ప్రయాణ నిర్వహణ సంస్థ క్యాంపస్ ఉంది. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివినవారు కోస్ట్‌గార్డ్ నావిక్ నోటిఫికేషన్లపై కన్నేయండి. ఒడియా, హిందీ, ఇంగ్లిషు మాట్లాడగలిగితే గైడుగా, హోంస్టే నిర్వాహకులుగా రాణించవచ్చు.

ఇది మనవాళ్ల వల్ల అయ్యే పనేనా అన్న అనుమానం వద్దు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి తెరచాప నౌక తారిణిలో బయల్దేరి, 2018 మేలో భూగోళాన్ని చుట్టి వచ్చిన ఆరుగురు నేవీ మహిళా అధికారుల్లో విశాఖకు చెందిన స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య ఉన్నారు.

తీరంలో ఏ ప్రాజెక్టు ప్రకటించినా మీరు అడగాల్సిన ప్రశ్నలు రెండే: స్థానికులకు శిక్షణ ఎక్కడ ఇస్తారు? ఎన్ని ఉద్యోగాలు రాతపూర్వకంగా హామీ ఇస్తారు? జెట్టీ కట్టకముందే అడగండి.